ఓర్వకల్లు నుంచి శ్రీహరికోట దాకా

రాకెట్ల రంగంలోకి వెళ్లాలంటే ఏరోస్పేస్ డిగ్రీయే ఉండాలని కర్నూలు, కడప పిల్లల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి ఇస్రోలో తొలి మెట్టయిన ‘సైంటిస్ట్/ఇంజినీర్–ఎస్‌సీ’ పోస్టులకు ఎక్కువగా తీసుకునేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ వారినే. బీటెక్‌లో 65 శాతం మార్కులు లేదా 6.84 సీజీపీఏ ఉండాలి. ఈ బ్రాంచీలు మన ఊళ్లకు దగ్గర్లోనే ఉన్నాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో (2008) పదో తరగతి మార్కులతో ఆరేళ్ల కోర్సులో చేరవచ్చు. కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీడీఎం (2015) సీటుకు జేఈఈ మెయిన్ రాయాలి.

ఉదాహరణకు, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ చైర్మన్‌గా (2018–22) పనిచేసిన జి.సతీష్‌రెడ్డి చదివింది అనంతపురం జేఎన్‌టీయూలో, అదీ ఎలక్ట్రానిక్సే.

ఏరోస్పేసే కావాలనుకునేవారికి తిరువనంతపురం ఐఐఎస్‌టీ ఉంది. 2007లో మొదలైన ఈ సంస్థ అంతరిక్ష శాఖ కింద నడుస్తుంది. ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో. తొమ్మిదో తరగతి వారికి ఇస్రో 2019 నుంచి ‘యువిక’ అనే యువ శాస్త్రవేత్తల కార్యక్రమాన్ని నిర్వహిస్తోంది. పల్లె బడుల పిల్లలకు ఇందులో ప్రాధాన్యం ఉంది కాబట్టి ఉపాధ్యాయులు తప్పక దరఖాస్తు చేయించాలి.

పోటీ పరీక్షలకు చదివేవారు కరెంట్ అఫైర్స్‌లో కర్నూలు జిల్లా ఓర్వకల్లును వదలొద్దు. అక్కడి డీఆర్‌డీఓ నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. గుండు పేలలేదు, క్షిపణి ఎగరలేదు. కాంతిపుంజం వేడికే డ్రోన్ దెబ్బతిని కూలింది. అదే ఏడాది జులైలో డ్రోన్ నుంచి ప్రయోగించే యూఎల్‌పీజీఎం–వీ3 క్షిపణి పరీక్షా అక్కడే జరిగింది.