పట్నం బజార్లలో పరదేశీయుల పునాదులు

న్యూయార్కులో లిటిల్ ఇటలీ, షికాగోలో గ్రీక్‌టౌన్ అనే పేటలున్నాయి. బతుకుదెరువుకు వలసపోయిన ఇటలీవారు, గ్రీకులు తమ తిండికీ గుడ్డకూ పెట్టుకున్న దుకాణాలే అక్కడ ఊరందరి బజార్లయినాయి. మన హైదరాబాదులోనూ ఐరోపావారి అడుగుపడిన బజార్లున్నాయి. కాకపోతే వారు ఇక్కడికి కూలికి రాలేదు, ఫిరంగులతో వచ్చారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్ళం పెళ్ళి బట్టలకైనా, పాఠ్యపుస్తకాలకైనా పోయేది ఆ బజార్లకే కనుక వాటి పుట్టుక తెలిసి ఉండటం మంచిది.

ముందు ఫ్రెంచివారు. జనరల్ రేమాండ్ నిజాం కోసం ఫిరంగులు పోత పోయించిన చోటే గన్‌ఫౌండ్రీ. ఆయన 1798లో చనిపోయాడు. మూసారాంబాగులోని 'మూసారాం' ఈ మస్యే రేమాండేనట!

అదే ఏడాది నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. వారి దండు విడిసిన చోటికి 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరొచ్చింది. మా ముసలివాళ్ళు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే దండు. సిపాయికి నెలనెలా నగదు జీతం. నగదు ఉన్నచోటికి షావుకారును ఎవరూ పిలవనక్కరలేదు. జనరల్ బజార్ అట్లా పెరిగిందే.

కోఠీ సంగతి ఇంకా చిత్రం. రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించిన మేడ పక్కన రెసిడెన్సీ బజార్లు వెలిశాయి. అక్కడ నిజాం అధికారుల హుకుం చెల్లదు, రెసిడెంటుదే చెల్లుతుంది. అందుకే అప్పులిచ్చే షావుకార్లు చాలామంది తమ తిజోరీలను అక్కడికి చేర్చారు. 1933లో ఆ పేట నిజాంకు తిరిగివచ్చి సుల్తాన్ బజార్ అయింది.

అప్పట్లో రూపాయలు కూడా రెండు రకాలు. ఇంగ్లీషువారిది కలదారు, నిజాంది హాలీ సిక్కా. 100 కలదార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. మామూలు లెక్కలో చెప్పాలంటే 6 కలదార్ల సరుకుకు మన రైతు 7 హాలీలు ఇచ్చుకోవాలి.

ఇక అబిడ్స్. మన మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ అబీద్ అనే అర్మీనియన్ ఉండేవాడు. ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ పేటకు నిలిచింది. దొర పేరు మా జిల్లాకు, నౌకరు పేరు బజారుకు!

మా అక్క పెళ్ళికి పత్తి అమ్మిన డబ్బు మూటగట్టుకొని నాయన మమ్మల్ని సుల్తాన్ బజారుకే తీసుకపోయిండు. అక్కడ కొన్నవాటిలో ఒకటి నారాయణపేట చీర. మన జిల్లా మగ్గం మీద నేసిన చీరను పట్నం పోయి, ఆ దుకాణం కిరాయి, దలాలీ కలిపి మనమే కొంటున్నాం. దీనికి ఇంగ్లీషువారిని తిట్టి లాభం లేదు. నారాయణపేటలో, పోచంపల్లిలో నేతగాళ్ళ దగ్గరే కొనవచ్చు. ఇంటి పెద్దలకు ఆ మాట చెప్పవలసింది మనమే.

పుస్తకాలకు మాత్రం పట్నం పోక తప్పదు. మన బస్సులు ఆగే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి సుల్తాన్ బజారుకు మెట్రోలో ఒక్కటే స్టేషను. ఈ దారి 2020 ఫిబ్రవరిలో తెరిచారు. కోఠీలో పాత పుస్తకాల దుకాణాలున్నాయి. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద కూడా పరుస్తారు. బేరం మొదలుపెట్టే ముందు ఎడిషన్ చూసుకోండి, సిలబస్ కాగితం జేబులో ఉంచుకోండి.