తేలిక మూట, దూరపు బాట

మూట బరువు తగ్గించుకొని, దీర్ఘమైన అరణ్యమార్గమును రెండు మూడు దినములలో నడచి ముగించుట నేడు అనేక దేశములలో ఒక విద్యగా అభ్యసింపబడుచున్నది. పాశ్చాత్యులు దీనికి ‘ఫాస్ట్‌ప్యాకింగ్’ అని పేరిడిరి. శుక్రవారము సాయంకాలము సికింద్రాబాదు విడచి, ఆదివారము రాత్రికి మరలి రాగోరు ఇరువురు మిత్రులకు ఇది సాధ్యమా, క్షేమమా యను విషయమును ఇచట పరిశీలింతము. విద్యార్థులు మొదటి ప్రశ్న వేయుదురు. కళాశాల సంఘము పెద్దలు రెండవది వేయుదురు. రెండింటికిని సమాధానము మూటలోనే యున్నదని మా అభిప్రాయము.

ఇందుకు తగిన బాట మనకు నల్లమలలో కలదు. నంద్యాల జిల్లా ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురమున బయలుదేరి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా శ్రీశైలము చేరు ప్రాచీనమైన కాలిబాట అది. దూరము సుమారు 40 కిలోమీటర్లు. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించినట్లు చరిత్రకారులు చెప్పుదురు. 1830లో మద్రాసు నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ అడవి త్రోవనే శ్రీశైలము దర్శించి, పిదప కృష్ణ దాటి హైదరాబాదు చేరెను. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారము, డేరాలు, పల్లకీలు నుండెను. మన వెంట నుండునవి మన భుజములు మాత్రమే.

అయినను ఆ పూర్వుల నుండి మనము గ్రహింపదగిన దొకటి కలదు. వారు దూరమును మైళ్లతో గాక మజిలీలతో లెక్కించిరి. (ఈ ‘మజిలీ’ అరబ్బీ ‘మంజిల్’ నుండి వచ్చినదే, ఉర్దూ శాఖ మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు.) నీరు దొరకు చోటే మజిలీ. తరువాతి నీరు ఎచట నున్నదో రూఢిగ తెలిసినవాడు అంతవరకు చాలునంత నీరే మోయును. తెలియనివాడు ఎక్కువ మోసి అలసిపోవును, లేదా తక్కువ మోసి ప్రమాదమున పడును. కావున యాత్రకు తగిన కాలము మహాశివరాత్రి, ఉగాదుల ముందటి దినములే. అప్పుడు వేలకొలది భక్తులు ఈ బాటను నడతురు. మజిలీలయందు నీటి ఏర్పాటు జరుగును. తక్కిన కాలమున ఇది పెద్దపులులు తిరుగు అభయారణ్యము; 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక ప్రవేశించుట నేరము. సాహసము పేరిట ఈ నియమమును దాటువారిని మేము యాత్రికులుగ పరిగణింపము.

ఇక మూట. అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అను వృద్ధురాలు 1955లో, తన 67వ ఏట, 3,200 కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ బాటను ఒంటరిగా నడచెను. ఆమె సామాను తాను కుట్టుకొన్న ఒక గుడ్డసంచి. పాదములకు క్యాన్వాసు జోళ్లు. వానకు ఒక ప్లాస్టికు తెర. మేమును మా మిత్రుడును మోండా మార్కెట్టులో ఒక దుకాణదారుని కాటాపై మా సంచులను తూచి చూచితిమి. నీరు గాక ఒక్కొక్కటి నాలుగు కిలోలు తూగెను. దుకాణదారుడు నవ్వి, “ఇంతేనా సామాన్?” అనెను. పలుచని దుప్పటి, ఒక జత మార్పుబట్టలు, టోపీ, దీపము, గాయపు గుడ్డలు, ఉప్పు చక్కెర కలిపిన పొట్లములు, ఆహారము - అంతే. మూడు లీటర్ల నీరు చేర్చిన ఏడు కిలోలగును. మూటలో అన్నిటికంటె బరువైనది నీరే, తగ్గింపరానిదియు అదియే.

ఆహారమున బియ్యము పనికిరాదు. బియ్యమునకు పాత్ర కావలెను, నీరు కావలెను, అన్నిటికి మించి నిప్పు కావలెను. మాఘ ఫాల్గునములలో ఎండుటాకులు నిండిన అడవిలో నిప్పు రాజేయుట మహాపరాధము. అటుకులు, బెల్లము, వేయించిన వేరుశనగలు, ఖర్జూరములు చాలును. నూరు గ్రాముల వేరుశనగలలో సుమారు 560 కాలరీల శక్తి యుండగా, అంతే తూకము బియ్యములో 350 మాత్రమే.

మిత్రునితో నడచునపుడు దుప్పటి, మందులు, కత్తి పంచుకొనవచ్చును. నీరు, దీపము మాత్రము పంచుకొనరాదు. ఒక మలుపున ఇరువురు విడిపోయిన యెడల ఒకరు చీకటిలోను, ఒకరు దప్పికతోను మిగులుదురు. మెల్లగ నడచువాడు ముందుండవలెను. వేగముగ నడచువానికి ఇది కొంత కష్టముగనే యుండును. జంట వేగము ఎల్లప్పుడు వెనుకబడినవాని వేగమే గదా!

కాలగణనకు స్కాట్లండు పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరియొక గంట. రాళ్లు, ఎండ కలిగిన నల్లమలలో గంటకు మూడు కిలోమీటర్లని లెక్కించుటయే మేలు. శనివారము వేకువనే వెంకటాపురము విడచి, మధ్యాహ్నపు టెండలో నీడను విశ్రమించి, ప్రొద్దుగ్రుంకక మునుపే పెచ్చెరువు చేరవలెను. నాగలూటికే పది గంటలు దాటినచో అచటినుండి వెనుకకు మరలవలెను. ఆ పైన మరలుటయు ముందుకు సాగుటంత కష్టము. ఈ గడియను ఇంటివద్దనే ఇరువురు నిశ్చయించుకొనవలెను, ఏలయన అలసిన మనస్సు నిజము పలుకదు.

ఆదివారము కఠినభాగము భీమునికొలను. మెట్లపై లోయలోనికి దిగి, వెంటనే కైలాసద్వారమునకు నిట్టనిలువుగ ఎక్కవలెను. ఇచట వృద్ధులు, పసిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు నడచుచుందురు. త్వరపడువారే ప్రక్కకు తొలగి వారికి త్రోవ యీయవలెను. మధ్యాహ్నమునకు శ్రీశైలము చేరినవారికి హైదరాబాదు బస్సు దొరకును. దోమలపెంట, మన్ననూరుల నడుమ అడవి రహదారిపై సాధారణ దినములలో రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాహనములను విడువరు. సాయంకాలపు బస్సు తప్పినవారు సోమవారపు తరగతులను మరచి, కొండమీదనే పడక వెదకికొనవలసి యుండును.