రంగులద్దిన పాత ఫొటో

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో కాలువ, కొబ్బరితోట ఉన్న పాత రంగుల ఫొటో దొరికింది. రంగులు చేత్తో వేసినవేనా? ఎలా దాచాలి?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: భూతద్దం పెట్టి చూడండి. వరసగా సన్నటి చుక్కలుంటే అచ్చుబొమ్మ. కొబ్బరాకు పచ్చదనం గీత దాటి ఆకాశంలోకి పాకి, రంగు అడుగున నలుపు తెలుపు నీడలు కనిపిస్తే కుంచె పనే.

తడిగుడ్డ మాత్రం తగలనివ్వకండి. నీటిరంగులైతే గుడ్డకే వచ్చేస్తాయి. మీ కోనసీమ తేమకి ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది; మధ్యన అట్టచట్రం పెట్టించి, ఎండ పడని లోపలి గోడకి తగిలించండి. ఇప్పటికే అతుక్కుని ఉంటే పీకొద్దు.

ఇంకా కొనాలనుకుంటే వెనకవైపు స్టూడియో ముద్ర వెతకండి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) పేరు చెప్పి ఏదో ఒకటి అంటగట్టేవాళ్లకి కొదవలేదు.