ఆస్పత్రి పక్కన సత్రం

డబ్బు తీసుకొని అన్నం పెట్టే చోటును మన పూర్వులు పూటకూళ్ల ఇల్లు అన్నారు. ఓరుగల్లులోని అటువంటి ఇంటి భోజనాన్ని ‘క్రీడాభిరామం’ నోరూరేటట్లు వర్ణించింది. ఏమీ ఆశించక ఆశ్రయమిచ్చే చోటు సత్రం. ఈ రెండింటికీ సాధారణంగా పొత్తు కుదరదు. కాని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1974లో ఒక పూటకూళ్ల వ్యాపారమే సత్రానికి చేయూతనిచ్చింది.

ఆ నగరపు ఈగల్స్ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన ఫ్రెడ్ హిల్ కుమార్తె కిమ్‌కు మూడేళ్ల ప్రాయంలో రక్తక్యాన్సర్ వచ్చింది. చికిత్స ఏళ్ల తరబడి సాగింది. తల్లిదండ్రులు ఆస్పత్రి కుర్చీలలోనే నిద్రించారు. నాణెం వేస్తే తినుబండారాలిచ్చే యంత్రాలతో కడుపు నింపుకొన్నారు. చుట్టూ ఉన్న తల్లిదండ్రులదీ అదే స్థితి. దూరప్రాంతాల నుంచి వచ్చినవారికి అద్దెగది మోయలేని భారం. మన పెద్దాస్పత్రుల వరండాలలో చాపలు పరచుకొన్న రోగుల బంధువులను చూచినవారికి ఈ అవస్థను వివరించనక్కరలేదు.

హిల్ తోటి ఆటగాళ్లు విరాళాలు సేకరించారు. జట్టు నిర్వాహకుడు జిమ్ మర్రే, ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలోని క్యాన్సర్ వైద్యురాలు ఆడ్రీ ఇవాన్స్‌ను కలిశాడు. రోగుల కుటుంబాలకు ఆస్పత్రి సమీపంలో ఒక ఇల్లు కావాలన్నది ఆమె ఆకాంక్ష. మర్రే మెక్‌డొనాల్డ్స్ సంస్థను ఆశ్రయించాడు. సెయింట్ పాట్రిక్ పండుగ రోజులలో అమ్మే ఆకుపచ్చని షామ్‌రాక్ షేక్ రాబడిలో కొంత భాగమిమ్మన్నాడు. రాబడి అంతా ఇస్తే ఆ ఇంటికి రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ పేరు పెడతారా అని సంస్థ ప్రాంతీయాధికారి ఎడ్ రెన్సీ అడిగాడు. రోనాల్డ్ ఆ సంస్థ ప్రకటనలలోని విదూషకుడు! దానంలో ప్రచారాపేక్ష కలిసిందని ఎవరైనా ఆక్షేపిస్తే కాదనలేము. అయినా మర్రే అంగీకరించాడు. అక్టోబరు 15న ఇల్లు తెరుచుకొంది.

పేరు గోడమీద మాత్రమే. లోపలి పనికి చప్పుడు లేదు. బస చేసినవారు ఇవ్వగలిగితే స్వల్ప మొత్తమిస్తారు; ఇవ్వలేనివారిని పొమ్మనరు. ఖర్చులో అధికభాగం ఇప్పుడు సంస్థది కాదు, సామాన్య దాతలది. భోజనశాలల గల్లాపెట్టెల దగ్గరి డబ్బాలలో చిల్లర వేసేవారూ వారిలో ఉన్నారు. నేడు 60కి పైగా దేశాలలో ఈ సేవ సాగుతున్నది. కిమ్ ఆనాటి వ్యాధి నుంచి కోలుకొని 2011 వరకు జీవించింది. ఇవాన్స్ 2022లో కన్నుమూసింది. ఆ ఇళ్లలో సాయంకాలం ఇరుగుపొరుగువారు వచ్చి వంట చేసిపెడతారు. రాత్రి పొద్దుపోయి ఆస్పత్రి నుంచి వచ్చిన తల్లి ఆ అన్నం వడ్డించుకొని తింటుంది. వండినవారెవరో ఆమెకు తెలియదు.