ఎడారి రాయి, రెండు వేగాల నీరు

అమెరికాలోని యూటా, అరిజోనా రాష్ట్రాల సరిహద్దు ప్రాంతంలో మన అనంతపురం కంటే కూడా తక్కువ వాన కురుస్తుంది. అయినా అక్కడి ఎర్రరాతి లోయలను, వంపులు తిరిగిన గోడలను చెక్కింది ప్రధానంగా నీరే. ఏడాది పొడవునా దూకే జలపాతం కూడా అక్కడ ఉంది. కారులో తిరుగుతూ, లోయల్లోకి నడిచి ఫొటోలు తీసుకునేందుకు ఏటా లక్షల మంది వెళ్తారు. అమెరికాలో చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువారూ వారిలో ఉంటారు. ఆ రాయికీ నీటికీ ఉన్న సంబంధం తెలిస్తే చూసేది అర్థమవుతుంది, ప్రమాదాన్నీ ముందే పసిగట్టవచ్చు.

దిబ్బలు రాయిగా మారాయి

సుమారు 19 కోట్ల ఏళ్ల క్రితం, డైనోసార్ల కాలంలో, ఇక్కడ విశాలమైన ఇసుక ఎడారి ఉండేది. గాలి ఇసుక దిబ్బలను ఒకదానిపై ఒకటి పేర్చింది. తర్వాత పైన చేరిన పొరల బరువుకు ఇసుక రేణువులు బిగుసుకున్నాయి. భూగర్భ జలంలోని ఖనిజాలు వాటిని సిమెంటులా అతికించాయి. ఇదే నవాహో ఇసుకరాయి. గోడలపై ఏటవాలుగా కనిపించే గీతలు ఆనాటి దిబ్బల వాలులే. ఎరుపు రంగు ఇనుప ఆక్సైడ్‌ది, అంటే తుప్పుది.

నెమ్మదిగా ఇంకే నీరు

ఈ రాయిలో రేణువుల మధ్య సన్నని ఖాళీలుంటాయి. కరిగే మంచు, చిరుజల్లులు వాటిలోకి ఇంకుతాయి. కింద నీరు సులువుగా ఇంకని పొర ఎదురైతే, ఆ నీరు పక్కకు మళ్లి కొండ గోడలోంచి ఊటగా బయటికొస్తుంది. జయాన్ జాతీయ పార్కులోని ‘వీపింగ్ రాక్’ దగ్గర రాలే చుక్క, రాయిలో సుమారు 1,200 ఏళ్లు ప్రయాణించి ఉంటుందని అంచనా. ఎస్కలాంటే సమీపంలో 38 మీటర్ల ఎత్తు నుంచి దూకే లోయర్ కాఫ్ క్రీక్ జలపాతం వానలేని నెలల్లోనూ ఎండిపోకపోవడానికి ఇలాంటి ఊటలే కారణం.

దూసుకొచ్చే నీరు

ఉరుముల వాన కురిస్తే మాత్రం రాయికి అంత నీటిని పీల్చుకునే వ్యవధి ఉండదు. చెట్టూచేమా లేని రాతి నేల మీద నీరంతా జారి, ఇరుకు లోయల్లోకి చేరుతుంది. దారి సన్నబడేకొద్దీ నీటిమట్టం, వేగం పెరుగుతాయి. వేగం రెట్టింపైతే, అడ్డొచ్చినదాన్ని నెట్టే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. నీటితో వచ్చే ఇసుక, గులకరాళ్లు గోడలను ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. పేజ్ పట్టణం దగ్గరి ఆంటెలోప్ కాన్యన్ ఇలా ఏర్పడిందే. దాని ఎగువ భాగానికి నవాహో ప్రజలు పెట్టుకున్న పేరుకు ‘రాళ్ల గుండా నీరు పారే చోటు’ అని అర్థం.

1997 ఆగస్టు 12న దిగువ ఆంటెలోప్ కాన్యన్‌లో ఆకస్మిక వరద 11 మంది పర్యాటకుల ప్రాణాలు తీసింది. అప్పుడు వారున్న చోట వాన దాదాపు లేదు. అది కురిసింది కొన్ని కిలోమీటర్ల ఎగువన.

వెలుగూ వానా ఒకే కాలంలో

ఎగువ ఆంటెలోప్‌లో వేసవి మధ్యాహ్నాల్లో కాంతి స్తంభాలు కనిపిస్తాయి. సూర్యుడు నడినెత్తిన ఉంటేనే కిరణాలు ఆ ఇరుకులోకి దిగగలవు. గాలిలోని దుమ్ము కాంతిని వెదజల్లడం వల్ల ఆ స్తంభం కంటికి, కెమెరాకు చిక్కుతుంది. ఎండ తగలని గోడలు కూడా నారింజ రంగులో మెరుస్తాయి. ఎదుటి ఎర్రగోడ పరావర్తనం చేసిన వెలుగే అందుకు కారణం. చిక్కేమిటంటే, జులై నుంచి సెప్టెంబరు వరకు ఆ ప్రాంతంలో ఉరుముల వానల కాలం కూడా.

ఆంటెలోప్‌లోకి నవాహో గైడ్‌తోనే వెళ్లాలి. గైడ్ లేని ఇరుకు లోయలకు వెళ్లేవారు ఉన్న చోటి ఆకాశం చూసి ఊరుకోకూడదు. ఎగువ పరివాహక ప్రాంతమంతటికీ వాతావరణ సూచన చూడాలి. లోపల తలెత్తి గోడలను గమనించండి. మనిషి ఎత్తుకు పైన దుంగ ఇరుక్కుని ఉంటే, గత వరద అంత ఎత్తున పారిందన్నమాట. నీరు హఠాత్తుగా బురద రంగుకు మారినా, ఎగువ నుంచి హోరు వినిపించినా వెంటనే ఎత్తైన చోటికి ఎక్కేయాలి. కెమెరా స్టాండు సర్దుకోవడానికి కూడా ఆగవద్దు.