పక్షులను లెక్కించు దినము

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 19:15; యిర్మీయా 8:7; మత్తయి 10:29



మీ గ్రామములో రాబందును కడపటిసారి చూచినవారెవరు? ఏ సంవత్సరమున చూచిరి? సంఘములోని పెద్దలను అడిగి చూడుడి. ఊరి వెలుపల చచ్చిన గొడ్డుపై రాబందులు గుంపుగా వాలుట తమ చిన్ననాట చూచితిమని అనేకులు చెప్పుదురు. అవి ఎప్పుడు పోయినవో మాత్రము చెప్పజాలరు. అవి ఒక్క దినమున పోలేదు గనుక ఎవరును గమనింపలేదు. కంటి యెదుట నున్నదానిని చూచుట వేరు. లెక్కించి వ్రాసియుంచుట వేరు. ఆ రెండవ పనిని గూర్చి ఈ మాసము నేర్చుకొందము.

1. లెక్కించువారు ఎవరు?

ఏటేట ఫిబ్రవరి నెలలో నాలుగు దినములు లోకమంతట పక్షులను లెక్కించు ఏర్పాటు ఒకటి కలదు. అది 1998లో అమెరికాలో ఆరంభమై, 2013 నుండి మన దేశమందును జరుగుచున్నది. కళాశాలల ఆవరణములలో విద్యార్థులును ఉపాధ్యాయులును గుంపులుగా కూడి లెక్కించుట ఇందులో ఒక భాగము. దీనికై దూరపు సముద్రతీరమునకు పోనక్కరలేదు.

హైదరాబాదులో ఈ పని క్రొత్తది కాదు. 1931–32లో సలీం అలీ గారు నైజాము రాజ్యమందు సంచరించి, ఏ పక్షి ఏ చోట నున్నదో వ్రాసి పెట్టిరి. 1980లో ఆ నగరమందు పక్షులను పరిశీలించువారి సంఘము ఏర్పడినది. ఇప్పుడు దానిని దక్కన్ బర్డర్స్ అని పిలుచుచున్నారు.

2. ఉస్మానియా ఆవరణములో ఒక ఉదయము

మనము పదిమందిమి కూడి, ఫిబ్రవరి ఉదయమున తార్నాక వైపునుండి ఉస్మానియా విశ్వవిద్యాలయములో ప్రవేశించితిమని అనుకొందము. తార్నాకలో బస్సుల రొద చెవులు గింగురుమనిపించును. లోపలికి కొంతదూరము నడువగానే చెట్లును, బండలును, ముళ్ల పొదలును కనబడును. ఆవరణము వెయ్యి ఎకరములకు మించినది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల రాతి కట్టడము చూచుటకు అందరును వత్తురు. మనము వచ్చినది పొదలను చూచుటకు.

తీగెమీద పాలపిట్ట కూర్చుండును. కూర్చున్నప్పుడు మట్టివన్నెగా నుండి, ఎగిరినప్పుడు నీలిరెక్కలు విప్పును. దసరానాడు జనులు వెదకి చూచు ఈ పిట్టయే తెలంగాణ రాష్ట్రపక్షి. పొదలలో నెమలి కేక, చెట్టుపై రామచిలుకల సందడి, మానుమీద వడ్రంగిపిట్ట దెబ్బలు వినవచ్చును. బయలునేలపై తీతువు అరచుచు లేచును. అది గులకరాళ్ల నడుమ, రాళ్ల వన్నెగల గ్రుడ్లను నేలమీదనే పెట్టును. కనుక మనుష్యులు బీడు అని తలంచు నేల దానికి ఇల్లు. ఆ నేలను కట్టడములు కప్పివేసినయెడల, ప్రక్కన ఎన్ని పూలచెట్లు నాటినను తీతువుకు చోటు దొరకదు.

చలికాలమున వచ్చు అతిథులును కలవు. గులాబివన్నె దేహము, నల్లని తల గల పలిసపిట్టలు మధ్య ఆసియా మొదలగు దేశములనుండి గుంపులుగా వచ్చును. జొన్నచేను గలవారు వీటిని ఎరుగుదురు. అవి గింజలను తినునుగాని, మిడుతలను పురుగులనుకూడ తినును. వలసపక్షులు తమ రాకపోకల కాలము నెరుగునని చూపి యిర్మీయా జనుల మరపును గద్దించెను. ఆ ప్రవక్తయు పక్షుల రాకను ఏటేట గమనించినవాడే.

3. లెక్కించుటకు నియమములు

కనీసము పదిహేను నిమిషములు ఒక చోట నిలిచియైనను నడచియైనను చూడవలెను. చోటు, తేదీ, వేళ ముందు వ్రాయవలెను. అందమైనవాటినే గాక కాకిని, పిచ్చుకను, గోరువంకనుకూడ వ్రాయవలెను. గూటిని సమీపింపకూడదు, రాళ్లు విసరి పక్షిని లేపకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరియొకటి కలదు. చూడనిదానిని వ్రాయకూడదు. దూరమున ఎగిరినది డేగయో గ్రద్దయో తెలియనియెడల, తెలియదనియే చెప్పవలెను. అరుదైన పక్షిని చూచితిననువానిని పరిశీలకులు సాక్ష్యమడుగుదురు. గుంపుగా పోవుటవలన మేలిదియే: ఒకని కన్ను పొరబడినయెడల మరియొకడు సరిదిద్దును. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపడవలెనను ధర్మము న్యాయస్థానమునకేగాక పొదల నడుమ నిలుచువారికిని తగియున్నది.

4. లెక్కవలన కలిగిన మేలు

ఇప్పుడు రాబందుల సంగతికి వత్తము. రాజస్థానమందలి భరత్‌పూరులో 1980ల దశకమున రాబందులను లెక్కించిరి. 1990ల దశకాంతమున అచ్చటనే మరల లెక్కింపగా అవి మిక్కిలి తగ్గియుండెను. మొదటి లెక్క లేనియెడల రెండవదానికి అర్థమే లేదు. దేశమంతట చూడగా, 1992–2007 నడుమ తెల్లవీపు రాబందులు వెయ్యింట ఒకటి మిగులునంతగా తగ్గినవని తేలెను.

కారణము 2004లో వెల్లడియైనది. పశువుల నొప్పికిని వాపునకును ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలి, దానిని తిన్న రాబందు మూత్రపిండములను చెరుపుచుండెను. పశువును బ్రతికింపగోరి ఇచ్చిన మందే అట్లు చేసినది; రైతు దానిని ఎరుగడు. ప్రభుత్వము 2006లో ఆ మందును పశువులకు నిషేధించెను. కెటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను 2023లో నిషేధించెను. మెలాక్సికామ్ అను మందు రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలినది. పశువైద్యునియొద్దకు పోవునప్పుడు ఈ పేర్లు జ్ఞాపకముంచుకొనుడి.

5. మన గ్రామములో

మేము చదువుకొనలేదు, మాకేమి తెలియునని అనవద్దు. కడప ప్రాంతపు కలివికోడి 1900 తరువాత కనబడక నశించినదని పండితులు తలంచిరి. 1986లో అది మరల దొరకెను. ఆ పండితులు నశించినదనుకొన్నదానికి అచ్చటి జనుల నోట పేరు నిలిచియుండెను. మీ నోటనున్న పిట్టల పేర్లును విద్యయే.

కాబట్టి ఒక ఉదయమున పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని చెరువుగట్టుకు పొండి. ఒక నోటు పుస్తకములో చూచినవాటిని వ్రాయుడి. మరుసటి సంవత్సరము అదే మాసమున, అదే చోట మరల వ్రాయుడి. కాసుకు అమ్మబడు పిచ్చుక సహితము తండ్రికి తెలియకుండ పడదని ప్రభువు బోధించెను. తండ్రి ఎరిగియున్నదానిని మనము ఎరుగకుండుట తగునా?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ చిన్ననాట నుండి, ఇప్పుడు కనబడని పక్షులేవి?
2. మీ ఊరిలో బీడు అని విడిచిన నేలపై ఏ పక్షులు బ్రదుకుచున్నవి?
3. చూడనిదానిని చూచితినని చెప్పుటవలన, ఈ పనియందును ఇతర సంగతులయందును కలుగు నష్టమేమి?