అవ్వ టీవీలో అడ్డగీత

నంద్యాల,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. ఊరికే పలకరింపు కాదని మొదటి మాటకే తెలిసిపోయింది. "నీ అల్లుడు మిద్దె మీద గది నిండా పాత టీవీలు పేర్చినాడు. పగలంతా ల్యాప్‌టాప్ ముందర కూచుంటాడు, రాత్రి రెండైనా ఆ గదిలో లైటు ఆరదు. ఇప్పుడు మా అత్త టీవీ మీద పడినాడు, నువ్వే చెప్పు" అనింది. నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నువ్వు ఒక చేత్తో ఫోన్ పట్టుకొని ఊ కొడుతూ ఇంకో చేత్తో స్క్రూలు విప్పే రకం. కాగితమైతే రెండు చేతులా పట్టుకొని చదువుతావని రాస్తున్నా.

మానేయమని చెప్పడానికి కాదు. మీ అమ్మ అదే ఆశించి ఉంటుంది గాబట్టి ఈ ఉత్తరం ఆమెకు చూపించకు. ముప్పై ఏళ్లకు పైగా సోల్డరింగ్ పొగ పీల్చినవాణ్ని, ఏ మొహం పెట్టుకొని మానమంటా?

నీ వీడియో ఇరవై సెకన్లుంది. అందులో తెర కనిపించింది మూడు సెకన్లు. మిగతా పదిహేడూ వెనక మూత తీసి బోర్డు మీది దుమ్ము చూపించావు. దుమ్ము ఎవరి టీవీలోనైనా ఉంటుంది. నీతో నా పేచీ ఆ మూడు సెకన్ల దగ్గరే.

ఇప్పటి పలక టీవీ పోయిందంటే నల్లగా మొహం మాడ్చుకుంటుంది, ఎక్కడ నొప్పో చెప్పదు. పాత డబ్బా టీవీ అట్లా కాదు, తన జబ్బు తనే తెర మీద రాసి చూపిస్తుంది. పవర్ సప్లైలో పెద్ద కండెన్సర్ ఎండిపోతే బొమ్మ అంచులు పాము నడిచినట్టు మెలికలు తిరుగుతాయి. మాట వస్తూ తెర చీకటిగా ఉంటే హైవోల్టేజీ వైపు వెళ్లాలి. తెర నిండా చుక్కలే అయితే బోర్డు ముట్టుకునే పనే లేదు, ముందు యాంటెన్నా తీగ, తర్వాత ట్యూనరు. సాయంత్రం ఆరు దాటగానే బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుపోతోందని గోస్పాడు నుంచి ఒకాయన టీవీ మోసుకొచ్చాడు. షాపులో పెడితే నిండుగా వెలిగింది. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేసేసరికి వాళ్ల ఊళ్లో వోల్టేజీ కూలబడుతోందని, జబ్బు టీవీది కాదు కరెంటుదని తేలింది. స్టెబిలైజర్ పెట్టుకొని హాయిగా చూసుకున్నాడు.

ఇక నువ్వు వీడియోలో చూపించిన మీ అవ్వ టీవీ సంగతి. తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక తెల్లని గీత. ట్యూబులో ఎలక్ట్రాన్ల ధారను రెండు వైపులకు లాగుతుంటారని నీకు తెలుసు. ఎడమ నుంచి కుడికి సెకనుకు 15,625 సార్లు, పై నుంచి కిందికి 50 సార్లు. గీత అడ్డంగా తెర నిండా పరుచుకొని ఉందంటే ఎడమా కుడీ లాగేవాడు పనిలోనే ఉన్నాడు. వాడు పనిలో ఉన్నాడంటే లైన్ సెక్షన్ బాగున్నట్టు, హైవోల్టేజీ బాగున్నట్టు, ట్యూబు బతికున్నట్టు. కింద పడుకున్నది పై నుంచి కిందికి లాగే ఫ్రేమ్ సెక్షన్ ఒక్కటే. మూత విప్పకముందే బోర్డులో ముప్పాతిక భాగం నిర్దోషి అని తేలిపోయిందా లేదా? నువ్వేమో పవర్ సప్లై కండెన్సర్లన్నీ పీకి పేపరు మీద వడియాలు ఆరబోసినట్టు ఆరబోశావు.

వాటిని మళ్లీ ఎక్కించు. ప్లస్సూ మైనస్సూ చూసుకొని ఎక్కించు. తర్వాత టీవీ పెట్టినప్పుడు మొట్టమొదట బ్రైట్‌నెస్ బాగా తగ్గించు. తెరంతా పరుచుకోవాల్సిన వెలుగు ఒక్క గీత మీదే పడితే ఆ గీత ముద్ర ట్యూబులో ఉండిపోతుంది, అది ఏ మామ వల్లా పోదు. ఆపైన అల్యూమినియం రేకు తొడుక్కొని ఒక ఐసీ ఉంటుంది, ఆ ధారను లాగే యోక్ చుట్టకు తీగలు పోయేది అక్కడి నుంచే. బోర్డు తిప్పి, టార్చి ఏటవాలుగా పట్టి, ఆ ఐసీ కాళ్లను భూతద్దంలో చూడు. ఒకదాని చుట్టూ వెంట్రుకంత సన్నని నల్ల వలయం కనిపిస్తుందని నా పందెం. రోజూ కాగి, రోజూ చల్లారి, ఏళ్ల తరబడి ఆ కాలు సోల్డర్‌లో వదులై ఉంటుంది. డ్రై సోల్డర్ అంటాం. వెనకటికి టీవీ నెత్తిన ఒక్కటి చరిస్తే బొమ్మ వచ్చేదే, ఆ మహిమంతా ఇదే. వలయం లేకపోతే ఐసీకి వచ్చే వోల్టేజీ చూడు, అదీ ఉంటే పక్కనున్న కండెన్సర్. ఒక్కసారికి ఒక్కటే మార్చు. మార్చింది ఒక నోటుబుక్కులో రాసుకో. మీ కంప్యూటర్ పనిలో ఇట్లాంటి అలవాటు ఉందంటారు, మరి సోల్డరింగ్ ఐరన్ చేతికి రాగానే అది ఎక్కడికి పోతుందో.

నేను 1983లో గాంధీ చౌక్ వైపు ఒక షాపులో చేరాను. ఢిల్లీ ఏషియాడ్ జరిగిన ఏడాదే రంగుల ప్రసారం మొదలైంది, అప్పటికి అది నిరుటి సంగతి. మాకు పని నేర్పిన పెద్దాయన రెండు నెలలు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. రిపేరుకొచ్చిన ప్రతి టీవీ ముందూ స్టూలేసి కూర్చోబెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమనేవాడు. "బొమ్మ రాలేదు" అంటే తిట్టేవాడు. రానిది కాదు, వచ్చేది చెప్పమనేవాడు. అప్పుడు కోపం వచ్చేది. నీకు అట్లాంటాయన దొరకలేదు, యూట్యూబ్ దొరికింది. యూట్యూబ్ వాళ్లు మొదటి నిమిషంలోనే మూత తీస్తారు. మీ ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గరికి ఒకరోజు పోయి కూర్చో. ఉలి పెట్టకముందు ఆ రాయి చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతారో, సుత్తితో తట్టి ఎట్లా వింటారో చూడు. లోపల పగులున్న రాయి మోగే తీరు వేరు. వాళ్లకు తప్పు దెబ్బ పడితే దేవుడి ముక్కే పోతుంది, మనకు కాస్త సోల్డర్ పోతుంది. అంతే తేడా.

కాస్త సోల్డర్ అన్నానని ధైర్యం పెంచుకోకు. 1985లో ఒక మాస్టారి టీవీ, 20 అంగుళాల నలుపు తెలుపు. ప్లగ్గు పీకేశాను గదా అని ట్యూబు మీది రబ్బరు టోపీ కింద వేలు పెట్టాను. నలుపు తెలుపు దాంట్లోనే అక్కడ 15,000 వోల్టుల దాకా ఉంటుంది, రంగుదాంట్లో 25,000 దాకా. ప్లగ్గు పీకినా ట్యూబు గాజు ఆ కరెంటును దాచుకుంటుంది. షాకుకు నేను చావలేదు, చెయ్యి దానంతటది వెనక్కి ఎగిరింది. ఎగిరి ట్యూబు నెక్‌కు తగిలింది. సుయ్‌మని ఒక చిన్న శబ్దం, అంతే. నెక్ లోపల అద్దంలా మెరిసే వెండి మచ్చ నా కళ్ల ముందే పాలరంగులోకి తిరిగింది. గాలి లోపలికి పోయిందని దానర్థం. మూడు నెలల జీతం పట్టుకున్నారు. మాస్టారు మాత్రం "చెయ్యి బాగుందా?" అని అడిగాడు. ఆ మాటకు ఏడుపొచ్చింది.

అందుకని ఇది బుద్ధిగా చదువు. పిడి బాగున్న స్క్రూడ్రైవర్‌కు ఒక తీగ క్లిప్పు పెట్టి, దాని రెండో కొన ట్యూబు వెనక నల్లపూతను ఒత్తుకొని ఉండే అల్లిక తీగకు తగిలించు. ఎడమ చెయ్యి వెనక్కి కట్టుకో. స్క్రూడ్రైవర్ మొన మెల్లగా టోపీ కిందికి జరుపు. టప్‌మంటుంది. అయిపోయిందనుకోకు, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టు, కొంచెం మళ్లీ ఊరి ఉంటుంది. పవర్ సప్లై పెద్ద కండెన్సర్‌లోనూ 300 వోల్టుల పైన ఉంటుంది, దాన్ని బల్బు పెట్టి ఖాళీ చెయ్యి. రిపేరు చేసిన బోర్డుకు మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు 100 వాట్ల పాతరకం బల్బు సిరీస్‌లో పెట్టు. ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గున వెలిగి నిన్ను కాపాడుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. బోర్డులో సగం మెయిన్స్‌కు నేరుగా అంటుకొని ఉంటుంది గాబట్టి చెప్పుల్లేకుండా బండల మీద నిలబడి ముట్టుకోవద్దు. రాత్రి పదకొండు దాటాక అసలు ముట్టుకోవద్దు. ఇది మీ అమ్మ మాట, నేనూ ఒప్పుకుంటున్నా.

ఆ చిన్న 14 అంగుళాల నలుపు తెలుపు దానికి మాట రావట్లేదన్నావు. టవర్ల నుంచి వచ్చే పాత పద్ధతి ప్రసారాలను దూరదర్శన్ 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపేసింది, ఇప్పుడు యాంటెన్నా పెడితే వచ్చేది చుక్కలే. అందుకని నువ్వు ఆన్‌లైన్‌లో మాడ్యులేటర్ డబ్బీ తెప్పించడం సరైన ఆలోచనే. బొమ్మ వచ్చి మాట బదులు బుస్సుమంటోందంటే స్పీకర్ విప్పకు. డబ్బీ అడుగున రాసింది చూడు. మన దేశంలో బొమ్మ తరంగానికీ మాట తరంగానికీ నడుమ 5.5 మెగాహెర్ట్జ్ ఎడం పెట్టారు. అమెరికా పద్ధతిలో అది 4.5. నీ డబ్బీ అమెరికా లెక్కలో మాట్లాడుతుంటే మన టీవీ 5.5 దగ్గర చెవి పెట్టి కూచుంది. చాలా డబ్బీలకు మార్చే స్విచ్చో మీటో ఉంటుంది. అట్టకు కోళ్ల గూటి వల చుట్టి నువ్వు చేసిన యాంటెన్నా చూసి మీ నాయన నవ్వాడంట, నేను నవ్వను. 1975–76లో ఉపగ్రహం నుంచి 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రమూ ఒకటి. ఆ పల్లెల్లో పెట్టిన పెద్ద గిన్నె యాంటెన్నాలు కోళ్ల వలతో చేసినవే, టీవీలు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారైనవి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. నీ గదిలో పాత రామాయణం పెట్టుకొని చూస్తున్నావంట. ఎట్లా చూస్తున్నావో నాకు తెలుసు. అది 1987 జనవరి 25న మొదలైంది, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. ఏడాదిన్నర నడిచింది. ఆ ఏడాదిన్నరా నంద్యాలలో ఆ వేళకు ఏదో ఒక మిద్దె మీద యాంటెన్నా గొట్టం పట్టుకొని నేను. పైనుంచి చూస్తే అన్ని ఇళ్ల యాంటెన్నాలూ కొంగల్లాగ ఒకే దిక్కుకు తిరిగి నిలబడి ఉండేవి, వీధిలో కుక్క కూడా కనపడేది కాదు. నేను "వచ్చిందా?" అని కేకేస్తే కింద నుంచి "వచ్చింది వచ్చింది... పోయింది!" అని అరుపు. సీతాపహరణం జరిగిన రోజు అంతా ఏడుస్తుంటే గొట్టం కదిలిందేమోనని నేను భయపడ్డాను. దేశమంతా చూసిన రామాయణం నేను కేకల్లో విన్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక దూరదర్శన్ దాన్నే మళ్లీ వేసింది. మిద్దెలెక్కే పని లేదు, షాపూ లేదు. మీ అత్త పక్కన కూర్చున్నా. కాసేపటికి ఆమె నా మొహం చూసి, "ఏంది అట్లా చూస్తున్నావు?" అనింది. నేను రథచక్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా అని చూస్తున్నా. ఫ్రేమ్ సెట్టింగ్ సరిగా ఉందో లేదో మేం అట్లాగే చూసేవాళ్లం. అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త పలక టీవీ, దాంట్లో సరిచూడడానికి ఫ్రేమ్ సెట్టింగ్ ఎక్కడుంది? "రథంలో ఎవరున్నారో చూడు" అనింది. అప్పుడు చూశాను. ఆ రోజు నుంచి ఒక్క పూట తప్పలేదు.

అవ్వ టీవీ మీ అమ్మ పెళ్లికి నేను పెట్టింది. అవ్వ దాంట్లో ఏమేం చూసేదో, పెట్టెకు ఏ పక్కన కూర్చొనేదో నీకు తెలుసా? అడుగు. బాగయ్యాక దాన్ని నీ మిద్దె గదిలో వరసలో పెట్టకు. కింద హాల్లో పాత చోటే పెట్టి, ఆమె అడిగింది ఒక గంట వెయ్యి. ఆ గంట స్క్రూడ్రైవర్ మీ అమ్మ చేతికివ్వు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. సిరివెళ్ల దాటాక ఫోన్ చేస్తా, ఉగ్గాని బజ్జీ సిద్ధం చెయ్యమను. కండెన్సర్లు ఎక్కించాక, ఐసీ పని నేనొచ్చేదాకా ఆపి, అవ్వ టీవీ మూత పెట్టే ఉంచు. ఒక్క పని మాత్రం చెయ్యి. బల్బు సిరీస్‌లో పెట్టి చూసింది సరిగ్గా ఉంటే, ఫ్యాన్ ఆపి, బ్రైట్‌నెస్ తగ్గించి టీవీ పెట్టి చెవి దగ్గరగా ఆనించు. సన్నగా కీచుమంటుంది. ఆ 15,625 అదే. లైన్ సెక్షన్ బాగుందో లేదో ఆ కీచు వినే చెప్పేవాణ్ని ఒకప్పుడు. ఇప్పుడు నాకు వినపడదు, ఈ వయసులో చాలామందికి వినపడదంట. ఫోన్లో పెట్టి వినిపించినా ఫోన్ దాన్ని మింగేస్తుంది. నీకు వినపడిందో లేదో ఊరికే మెసేజ్ పెట్టు.

ఇట్లు
మీ మామ